కానుకల సంచి, మందిరం దస్తావేజు: సంఘ నిర్వహణపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డబ్బు గురించీ ఆస్తి గురించీ ఉన్నాయి. ఆత్మీయ పత్రికలో ఇవెందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ 34 ఏళ్ల సేవలో క్రైస్తవ సంఘాలలో నేను చూసిన చీలికలలో బోధ దగ్గర మొదలైనవి చాలా తక్కువ. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, పద్దు ఎవరు రాయాలి, స్థలం ఎవరి పేరున ఉంది అన్నచోట మొదలైనవే ఎక్కువ. అందుచేత మొదటి రెండు ఉత్తరాలకు విపులంగా జవాబు రాస్తున్నాను. రాసినవారి పేర్లూ ఊర్ల పేర్లూ ప్రచురించడం లేదు.

ప్రశ్న: మాది 90 కుటుంబాల స్వతంత్ర సంఘం. రెండేళ్ల క్రితం నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నారు. ఆరాధన ముగియగానే కానుకల సంచిని పాస్టరమ్మ గారు ఇంటికి తీసుకువెళతారు. సోమవారం ఒక చీటీ మీద మొత్తం రాసి పంపిస్తే నేను పుస్తకంలో ఎక్కించి సంతకం చేస్తాను. పాస్టర్ గారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. అయితే ఈమధ్య యవనస్థులలో కొందరు నన్ను లెక్కలు అడుగుతున్నారు. దైవజనుణ్ణి లెక్క అడగడం తప్పవుతుందా?
ఒక కోశాధికారి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అడగడం తప్పు కాదు. మీరు కళ్లతో చూడని మొత్తానికి సంతకం చేయడం మాత్రం తప్పు. అయితే దాన్ని ఏ విధంగా ఆపాలో నెమ్మదిగా ఆలోచించాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో లేని ఒక సంగతి నాకు అందులోనే కనబడుతోంది. మీ సంఘం కాపరికి నెలకు ఇంత అని జీతం నిర్ణయించినట్లు మీరు ఎక్కడా రాయలేదు. పల్లెల్లోని స్వతంత్ర సంఘాలలో చాలాచోట్ల జరుగుతున్నది ఇదే: సంచిలో పడిన దానిలోనుంచి కరెంటు బిల్లు, మైకు మరమ్మతు, ప్రభురాత్రి భోజనానికి అయ్యే ఖర్చు పోగా మిగిలినదే ఆ ఇంటి బియ్యమూ, పిల్లల ఫీజులూ, మందులూ అవుతాయి. వానాకాలంలో కూలి పనులు లేక కానుకలు తగ్గిన నెలలో ఆ ఇంట్లో ఎలా గడిచిందో సంఘానికి తెలియదు. సంచి ఆ ఇంటికి వెళుతున్నది ఆశ వల్ల అనుకోకండి. ఆ ఇంటికి మీరు మరో దారి చూపలేదు.

కాబట్టి లెక్కల సంగతి ఎత్తడానికి ముందు జీతం సంగతి ఎత్తండి. ఇద్దరు ముగ్గురు పెద్దలు పాస్టర్ గారితోనూ పాస్టరమ్మ గారితోనూ కూర్చుని, ఆ కుటుంబం గౌరవంగా బతకడానికి ఎంత కావాలో అడిగి, సంఘం ఇవ్వగలిగినంత నిర్ణయించి, ప్రతి నెలా ఒకే తేదీన ఆయన బ్యాంకు ఖాతాలో వేయండి. కానుకలు తగ్గిన నెలలో ఆ లోటు సంఘానిది కావాలి, కాపరి వంటింటిది కాకూడదు. గృహప్రవేశ ప్రార్థనకో పుట్టినరోజు కూడికకో వెళ్లినప్పుడు ఆయన చేతిలో పెట్టే కవరు ఆయనదే అని కూడా అప్పుడే తేల్చి చెప్పండి. మందిరానికి అని చెప్పి ఇచ్చినదానికి మాత్రం రసీదు ఉండాలి. ఈ ఒక్క ఏర్పాటుతో మీరు భయపడుతున్న సంభాషణలో సగం బరువు తగ్గుతుంది.

ఆ తరువాత లెక్కింపు. కానుకలను ఆ ఆదివారమే, మందిరంలోనే, బంధుత్వం లేని మూడు కుటుంబాలకు చెందిన ముగ్గురు కలిసి లెక్కించాలి, ఆ ముగ్గురూ నెలకోసారి మారాలి. ఏ నోట్లు ఎన్ని ఉన్నాయో రెండు ప్రతులుగా రాసి ముగ్గురూ సంతకాలు చేసి, ఒకటి మీకు, ఒకటి కార్యదర్శికి ఇవ్వాలి. దశమభాగం (సంపాదనలో పదో వంతు) కవర్ల మీద ఉన్న పేర్లను విడిగా రాసుకోవాలి. కోత పండుగకు వచ్చిన బియ్యం, కోళ్లు, గుమ్మడికాయలు వేలం వేస్తే ఎవరు ఎంతకు పాడారో కూడా అదే పుస్తకంలోకి రావాలి, ఎందుకంటే పాట పాడి డబ్బు తరువాత ఇస్తామన్న బాకీలే ఏళ్ల తరబడి మాటలు పడడానికి కారణమవుతాయి. వచ్చిన డబ్బంతా సోమవారం సంఘం పేరున ఉన్న ఖాతాలో జమ కావాలి. ఖర్చులకు ఇద్దరి సంతకాలతో ఖాతాలోనుంచే తీయాలి. సంచిలోనుంచి నేరుగా ఖర్చు పెట్టిన డబ్బుకు, అది ఎంత మంచి పనికి వెళ్లినా, తరువాత ఎవరూ లెక్క తేల్చలేరు.

ఇంకొక మాట. ఇప్పుడు చాలా మందిరాలలో గోడకు ఫోన్‌పే క్యూఆర్ కాగితం అంటిస్తున్నారు. అది ఎవరి ఫోను నంబరుకు ముడిపడి ఉందో చూడండి. కాపరి సొంత ఖాతాకైతే, సంచిని ఎంత జాగ్రత్తగా లెక్కించినా సగం కానుక మీ పుస్తకానికి బయటే ఉండిపోతుంది.

లెక్క అడగడం అవిశ్వాసమని వాదించేవారు 2 రాజులు 12వ అధ్యాయం చూపిస్తారు. మందిరం మరమ్మతు చేయించినవారు నమ్మకస్థులు కనుక వారిని లెక్క అడగలేదని అక్కడ ఉన్న మాట నిజమే. అయితే అదే అధ్యాయాన్ని పైనుంచి చదవాలి. యూదా రాజు యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరం వచ్చేదాకా యాజకులు డబ్బు తీసుకుంటున్నా మందిరం బాగుపడలేదు. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, మూతకు రంధ్రం చేయించి, బలిపీఠం పక్కన పెట్టించాడు. పెట్టె నిండినప్పుడు రాజు తరఫున ఒకరు, ప్రధాన యాజకుడు ఒకరు వచ్చి, ఇద్దరూ కలిసి లెక్కించి సంచులలో కట్టారు. పనివారి చేతికి డబ్బు వెళ్లింది ఆ తరువాతే. ఇద్దరు లెక్కించిన డబ్బు గనుకనే పనివారిని నమ్మడం సులభమైంది. పౌలు కూడా యెరూషలేముకు విరాళం పంపేటప్పుడు తానొక్కడే తీసుకువెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంటబెట్టుకున్నాడు, ప్రభువు ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడా నింద లేకుండా ఉండాలనే అలా చేస్తున్నానని 2 కొరింథీయులు 8వ అధ్యాయంలో రాశాడు.

ఈ మాటను సర్వసభ్య సమావేశంలో మొదటిసారి ఎత్తకండి. ఒక పెద్దను వెంటబెట్టుకుని పాస్టర్ గారి దగ్గరికి వెళ్లి, "అయ్యగారూ, నేను చూడని డబ్బుకు సంతకం పెడుతున్నాను, రేపు ఎవరైనా అడిగితే మిమ్మల్నీ నన్నూ కాపాడేది ఏదీ లేదు" అని చెప్పండి. అడుగుతున్న యవనస్థులలో ఒకరిని మొదటి నెల లెక్కించే ముగ్గురిలో చేర్చండి. నెల మొదటి ఆదివారం వచ్చిన మొత్తం, ఖర్చయిన మొత్తం, మిగిలిన మొత్తం ఒక కాగితం మీద రాసి గోడకు పెట్టండి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం చదవవద్దు. పేరూ మొత్తమూ మైకులో చదివే అలవాటు వల్ల పది రూపాయలు ఇచ్చే విధవరాలు తలదించుకుని కూర్చోవడం నేను చూశాను, ఆ అలవాటును మా సంఘంలో మాన్పించడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ప్రశ్న: మా సంఘ స్థాపకులు 28 ఏళ్లు సేవ చేసి గత సంవత్సరం ప్రభువు నందు నిద్రించారు. విశ్వాసుల కానుకలతో కొన్న 400 గజాల స్థలం, మందిరం ఆయన పేరునే ఉన్నాయి. ఆయనకు భార్య, ఇద్దరు కుమారులు, పెళ్లయిన ఒక కుమార్తె ఉన్నారు. పెద్ద కుమారుడు ఇప్పుడు కాపరిగా నిలబడుతున్నారు. హైదరాబాదులో ఉద్యోగం చేసే చిన్న కుమారుడు తన వాటా అడుగుతున్నారు. సంఘంలో సగం మంది పెద్ద కుమారుణ్ణి, సగం మంది వేరే కాపరిని కోరుతున్నారు. ఏం చేయాలి?
సంఘ కార్యదర్శి, ఖమ్మం జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు ఒకే ముడిగా పడిపోయాయి: స్థలం ఎవరిది, కాపరి ఎవరు. ఈ రెండింటినీ ఒకే సమావేశంలో చర్చకు పెడితే, పెద్ద కుమారుణ్ణి కాపరిగా ఒప్పుకుంటే స్థలం ఇస్తాం అనే బేరం దగ్గరికి సంగతి వస్తుంది. అలా కుదిరిన కాపరిని సంఘం ఎన్నడూ మనసారా కాపరిగా చూడలేదు. ముందు స్థలం తేల్చండి.

కాగితం మీద ఆ స్థలం స్థాపకుల సొంత ఆస్తి. డబ్బు విశ్వాసులదన్నది మీ అందరికీ తెలిసినా, రిజిస్ట్రారు కార్యాలయానికి తెలియదు. ఆయన వీలునామా రాయకుండా చనిపోయి ఉంటే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానంగా చెందుతాయి. కుమార్తెకు పెళ్లయింది కనుక వాటా లేదని ఎవరైనా అంటే అది చట్టం కాదు, ఊరి మాట. ఆమె సంతకం లేకుండా జరిగే ఏ బదిలీ అయినా తరువాత చిక్కు తెస్తుంది. కుటుంబం ప్రభుత్వ కాగితాలలో హిందువులుగా నమోదై ఉంటే వేరే వారసత్వ చట్టం ప్రస్తావనకు వస్తుంది కాబట్టి, ఏ మాటా ఇవ్వకముందే సివిల్ న్యాయవాదికి కాగితాలన్నీ చూపించండి. రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించి స్థలం మీద తాకట్టులేవీ లేవని రూఢి చేసుకోండి.

సంఘం తరఫున స్థలాన్ని తీసుకోవడానికి చట్టం గుర్తించే వ్యక్తిత్వం ఒకటి కావాలి. మీది ఇంకా రిజిస్టరు కాకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో రిజిస్టరు చేయించండి. ఆ ఏడుగురూ ఒకే ఇంటిపేరువారు కాకుండా చూడండి. కాగితం మీద సొసైటీ ఉండి, అందులోని సభ్యులందరూ కాపరి భార్య, కుమారులు, అల్లుడు, బావమరుదులే అయిన సంఘాలు నాకు తెలుసు. అక్కడ సొసైటీ ఉన్నా లేనట్టే. అధ్యక్షుని కాలపరిమితి ఎంత, సభ్యుడు ఎవరు, స్థలం అమ్మాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, సొసైటీ రద్దయితే ఆస్తి ఎవరికి వెళుతుంది అన్న నాలుగు ప్రశ్నలకు నియమావళిలో స్పష్టమైన జవాబు రాయించండి. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం వివరాలు జిల్లా రిజిస్ట్రారుకు దాఖలు చేస్తూ ఉండాలి. సొసైటీ పేరున పాన్ కార్డు తీసుకుని, ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు గురించి ఒక చార్టర్డ్ అకౌంటెంటును కలవండి.

తరువాత కుటుంబం దగ్గరికి వెళ్లండి, కానీ దస్తావేజు చేతపట్టుకుని వెళ్లవద్దు. 28 ఏళ్లు ఆ ఇంటివారు మీతోపాటు గంజి తాగారు. మొదట ఆ తల్లి బతికి ఉన్నంతకాలం నెలకు ఇంత ఇస్తామని, మందిరం వెనుక గదిలో ఉంటున్నట్లయితే అక్కడే ఉండవచ్చునని తీర్మానం రాసి తీసుకువెళ్లండి. చిన్న కుమారుడు వాటా అడగడాన్ని దురాశ అని తీర్పు చెప్పకండి. తండ్రి సంపాదన అంతా మందిరంలోకి వెళ్లిందని, తన చదువు అప్పులతో సాగిందని ఆయన మనసులో ఉండవచ్చు, అందులో నిజమూ ఉండవచ్చు. వారసులందరూ కలిసి సొసైటీ పేరున రిజిస్టర్డ్ దానపత్రం రాసి ఇవ్వడమే నిలబడే మార్గం. స్టాంపు కాగితం మీద రాసుకుని పెద్దల సంతకాలతో పెట్టెలో దాచిన ఒప్పందంతో స్థిరాస్తి దానం చెల్లదు. మాట కుదరకపోతే కోర్టుకు వెళ్లకముందు రెండు వైపులా గౌరవం ఉన్న వేరే సంఘపు పెద్దలను ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టండి. ఈలోగా స్థలం కొన్ననాటి రసీదులు, పాత మినిట్సు పుస్తకాలు, విరాళాల జాబితాలు వెతికి భద్రపరచండి. అవసరం పడితే అవే మీ సాక్ష్యం.

కాపరి విషయానికి వస్తే, స్థాపకుని కుమారుడై ఉండడం అర్హతా కాదు, అనర్హతా కాదు. మోషే తరువాత నిలిచినది అతని కుమారులు కాదు, యెహోషువ. సమూయేలు తన కుమారులను న్యాయాధిపతులుగా నియమిస్తే వారు లంచాలు పుచ్చుకున్నారు. మరోవైపు తల్లి దగ్గర, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న విశ్వాసంతో తిమోతి ఎదిగాడు. పెద్ద కుమారుణ్ణి ఒక సంవత్సరం తాత్కాలికంగా సేవ చేయనిచ్చి, ఆ సంవత్సరం చివర సభ్యులు రహస్యంగా అభిప్రాయం చెప్పే ఏర్పాటు చేయండి. ఎంతమంది ఒప్పుకుంటే చాలునో ముందే రాసి పెట్టండి, ఓట్లు లెక్కించాక కాదు.

ఇది చదువుతున్న వృద్ధ కాపరులకు ఒక విన్నపం. మందిరం స్థలం మీ పేరున ఉంటే, మీరు బతికుండగానే సంఘం పేరున దానపత్రం రాయించండి. వీలునామా చాలదు, దాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు, మీరు పోయాక దాన్ని సవాలు చేయనూవచ్చు. స్థలం ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టా అయితే బదిలీకి 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టింది కనుక ముందు తహసీల్దారు కార్యాలయంలో దాని స్వభావం తెలుసుకోండి. మీ పిల్లలను మీరు పోయిన తరువాత విశ్వాసుల ఎదుట వాదులుగా నిలబెట్టవద్దు.

ప్రశ్న: నా భర్త ఒక పెద్ద సంఘానికి, మరో మూడు గ్రామాల్లోని శాఖలకు కాపరి. ఆదివారం మూడు ఆరాధనలు, శుక్రవారం ఉపవాస కూడిక, మిగతా రోజులు గృహ ప్రార్థనలు, ఆసుపత్రులు, సమాధి కార్యక్రమాలు. షుగర్ ఉంది, వేళకు తినరు. రాత్రి పదకొండింటికి కూడా ఫోను మోగుతుంది. ఎవరికైనా పని అప్పగించమంటే "సంఘం నన్నే కోరుతుంది" అంటారు. మీరైనా చెప్పండి.
ఒక పాస్టరమ్మ, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ జిల్లా చరిత్రలోనే ఆయనకు జవాబు ఉంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారని మనమందరం గర్వంగా చెప్పుకుంటాం. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ పేరే ఆ సంగతితో కలిపి గుర్తు పెట్టుకుంటాం. కానీ ఆ రోజు బాప్తిస్మాలు ఇచ్చింది ఆరుగురు సేవకులు, ఇద్దరు చొప్పున వంతులు వేసుకుని. దానికి ఎన్నో ఏళ్ల ముందునుంచి ఊరూరా తిరిగి మాట చెప్పింది ఎర్రగుంట్ల పేరయ్య వంటి గ్రామస్థులు. క్లౌ ఒక్కరే అన్నీ చేయాలనుకుని ఉంటే ఆ సంఖ్యలో చివరి రెండు అంకెలైనా పూర్తయ్యేవి కావు.

"సంఘం నన్నే కోరుతుంది" అన్న మాట నేనూ అన్నాను. నా మొదటి సంఘంలో బీరువా తాళం, సభ్యుల పుస్తకం, కీబోర్డు గది తాళం కూడా నా దగ్గరే ఉండేవి. టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం పట్టినప్పుడు ఒక వృద్ధుడు చనిపోతే, సమాధి స్థలం కోసం పంచాయతీలో ఎవరిని కలవాలో సంఘంలో ఒక్కరికీ తెలియలేదు. ఆ కుటుంబం శవాన్ని పెట్టుకుని సాయంత్రం దాకా వేచి ఉంది. ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ గుర్తు. ఎవరికీ ఏమీ నేర్పకపోవడాన్ని నేను అంకితభావం అనుకున్నాను.

యిత్రో తన అల్లుడు మోషేతో, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని చెప్పి, వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి న్యాయాధిపతులను నియమించమన్నాడు. ఇక్కడ చాలామంది వదిలేసే మాట జనం సంగతి. కాపరి కోసం రాత్రి తొమ్మిది దాకా ఎదురుచూసే రోగి కూడా నలుగుతున్నాడు.

ఎలా మొదలుపెట్టాలంటే, శాఖ గ్రామానికి ఒకరు చొప్పున ముగ్గురిని ఎంచుకుని, మొదటి మూడు నెలలు వారిని ప్రతి గృహ ప్రార్థనకూ వెంట తీసుకువెళ్లాలి. తరువాతి మూడు నెలలు వారు నడిపిస్తే ఆయన పక్కన కూర్చోవాలి. ఆ తరువాతే వారిని ఒంటరిగా పంపాలి. మొదటి రోజే పంపేస్తే జనం "అయ్యగారు రాలేదు" అని నొచ్చుకుంటారు, పని మళ్లీ ఆయన దగ్గరికే వస్తుంది. ఎవరిని ఎంచుకోవాలి అన్నదానికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వస్తే, ఎన్నుకోబడిన ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షంవారి చేతికే సంఘం వడ్డన అప్పగించిందని నాకు అనిపిస్తుంది. కాబట్టి ఎప్పుడూ ఔనంటూ తలూపేవారినే ఎంచుకోవద్దని ఆయనకు చెప్పండి. మా ఊరికి ఎవరూ రావడం లేదని గట్టిగా అడుగుతున్న మనిషే ఆ ఊరి పనికి సరిపోవచ్చు. స్త్రీల పరామర్శకు స్త్రీల సమాజంలోనివారే వెళ్లాలి.

సోమవారం ఆయనకు విశ్రాంతి దినమని పుల్పిట్ మీదనుంచి ఒక పెద్ద ప్రకటించాలి, ఆయన కాదు. రాత్రి తొమ్మిది తరువాత అత్యవసరమైతే ఫోను చేయవలసిన నంబరు ఒక పెద్దది ఇవ్వండి. షుగర్ పరీక్ష రోజున సంఘ కార్యదర్శి వెంట వెళ్లేలా చూడండి, అప్పుడు డాక్టరు చెప్పిన మాట సంఘం కూడా వింటుంది.

ప్రశ్న: మా మందిరం పైకప్పు వేయడానికి డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు, అతని స్నేహితులు కలిసి డబ్బు పంపుతామంటున్నారు. పాస్టర్ గారి ఖాతాకు పంపితే సరిపోతుందా?
ఒక సంఘ పెద్ద, గుంటూరు జిల్లా

జవాబు: సరిపోదు, ప్రమాదం కూడా. ముందు ఆ అబ్బాయి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో అడగండి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవాడైతే, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపినంతవరకు అది విదేశీ విరాళం కిందికి రాదు. సంఘం ఖాతాకు పంపించి రసీదు తీసుకోమనండి, అతని పాస్‌పోర్టు నకలు మీ ఫైలులో ఉంచండి. అతను అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, మన ఊరివాడే అయినా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, చట్టం దృష్టిలో అతను విదేశీ దాతే. అప్పుడు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద మీ సొసైటీకి నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాకే రావాలి. నమోదు ఉన్న వేరే సంస్థ ద్వారా తెప్పించుకుని మీరు తీసుకుందామంటే, 2020 సవరణ తరువాత అది కూడా నిషిద్ధం. బంధువులకు పంపుకునే వెసులుబాటు ఇంటి అవసరాల కోసం ఉన్నది. దాన్ని మందిరం డబ్బుకు దొడ్డిదారిగా వాడుకోకూడదు.

స్నేహితులందరి వివరాలూ ఇలాగే ఒక్కొక్కరివి చూడాలి. ఇదంతా తేలేలోపు ఊళ్లో ఇటుకకు ఇంత అని కానుక మొదలుపెట్టండి. తమ చెమటతో వేసిన కప్పును జనం తమదిగా చూసుకుంటారు.

ప్రశ్న: మేము కాలనీలో అద్దె హాలులో కూడుకుంటున్నాం. నెలకోసారి రాత్రంతా ప్రార్థన పెడితే పక్కింటివారు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఇది హింస కాదా?
ఒక విశ్వాసి, హైదరాబాదు శివారు

జవాబు: కాదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయటికి వినబడేలా మైకు వాడకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. నివాస ప్రాంతంలో పగలైనా 55 డెసిబెల్స్ మించకూడదు. పండుగలకు ఇచ్చే కొద్దిపాటి సడలింపు ప్రభుత్వం ప్రకటించిన రోజులకే. 40 మంది కూడుకున్న హాలులో అసలు మైకు అవసరం ఏమిటి? పాస్టర్ గారు, ఇద్దరు పెద్దలు ఆ పక్కింటికి వెళ్లి క్షమాపణ చెప్పి, ఇబ్బంది కలిగితే చేయమని ఒక ఫోను నంబరు ఇచ్చి రావాలి. పదింటి తరువాత కిటికీలు మూసుకుని మైకు లేకుండా ప్రార్థించండి.

ప్రశ్న: నేను ఆదివార బడి బోధకురాలిని. సెలవుల బైబిలు పాఠశాల సమయంలో ఒక సహాయకుడు తనతో తప్పుగా ప్రవర్తించాడని తొమ్మిదేళ్ల పాప నాతో చెప్పింది. పెద్దలతో చెబితే, సంఘం పేరు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం, అతన్ని ఆ పనినుంచి తప్పిస్తాం అన్నారు. నేను ఊరుకోవాలా?
ఒక బోధకురాలు, విశాఖపట్నం

జవాబు: ఊరుకోకూడదు. ఈ ఉత్తరం అందిన రోజే మీకు విడిగా జవాబు పంపాను. ఇతర సంఘాల కోసం ఇక్కడ కూడా రాస్తున్నాను. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ, అనుమానం ఉన్నవారు కూడా, పోలీసులకు తెలియజేయాలి. తెలిసి దాచడం నేరం. సంస్థ నడిపేవారు తమ కింద పనిచేసే వ్యక్తి విషయం దాచితే శిక్ష ఇంకా ఎక్కువ. పెద్దలు విచారించి తేల్చాక చెబుదాం అనడానికి అందులో చోటు లేదు; విచారణ చేయడం వారి పని కాదు. పాపను పదిమంది ఎదుట నిలబెట్టి మళ్లీ మళ్లీ అడగడం ఆమెకు రెండో గాయం, కేసుకూ నష్టం. ఆమె మీతో ఏ మాటలతో చెప్పిందో ఆ మాటలనే తేదీతో సహా రాసి పెట్టుకోండి, తల్లిదండ్రుల వెంట ఉండండి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. ఒకరి మీద ఆరోపణను ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా అంగీకరించవద్దన్న 1 తిమోతి మాటను ఇక్కడ అడ్డు పెట్టేవారికి, ఆ మాట పెద్దల మీద సంఘం తీసుకునే క్రమశిక్షణ గురించినదని, నేరం జరిగినప్పుడు పసిపిల్ల నోరు మూయడానికి రాసినది కాదని చెప్పండి.

సంఘాలన్నీ ఇప్పుడే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఏ గదిలోనూ పిల్లలతో ఒక్క పెద్దమనిషే ఉండకూడదు, ఇద్దరు ఉండాలి. తలుపు తెరిచి ఉండాలి, లేదా తలుపుకు అద్దం ఉండాలి. కొత్తగా వచ్చినవారికి, ఎంత ఉత్సాహం ఉన్నా, ఆరు నెలలు గడిచేదాకా పిల్లల పని ఇవ్వకూడదు, అంతకుముందు ఏ సంఘంలో ఉన్నారో అక్కడి కాపరికి ఫోను చేసి అడగాలి. పిల్లల్ని ఇంటికి ఎవరు తీసుకువెళుతున్నారో ఒక పుస్తకంలో రాయించాలి. 1098 నంబరును పిల్లల కంటికి అందే ఎత్తులో గోడ మీద రాయించండి.